ఇదిగో

ఆమె లేచేలోపు కానిచ్చెయ్యాలి, చప్పుడు లేకుండా, అంతే, ఇంకేమీ ఆలోచించకూడదు, అని నాలుగో అంతస్తు ఎత్తున తాళ్లకి వేలాడుతున్న చెక్కపీట మీద కూర్చుని వలాయన తనకు తనే గట్టిగా చెప్పుకున్నాడు, చెప్పుకుని వెంటనే ఆలోచించడం మొదలుపెట్టాడు. వలాయన అంటే చేపలు పట్టేవాడు అనుకునేరు, కాదు. మేడల బాల్కనీలకీ కిటికీలకీ పావురాలు రాకుండా నైలాన్ వలలు కట్టే మనిషి. అందరూ అలాగే పిలుస్తారు, అసలు పేరు అద్దె కాగితం మీద తప్ప ఇంకెక్కడా పనికొచ్చినట్టు లేదు. చుట్టుపక్కల మేడల్లో సగం వాటికి అతని చేతి ముడులే ఉన్నాయి. ఇవాళ కడుతున్నది మాత్రం తను అద్దెకున్న మేడ వెనక గోడకి. ఎదురుగా కనిపిస్తున్నది తన సొంత కిటికీ. ఆ కిటికీ వెనక, మధ్యాహ్నం మాత్ర వేసుకుని, గోడవైపు తిరిగి, పాత దుప్పటి మెడదాకా లాక్కుని నిద్రపోతున్నది తన పెళ్లాం. కిటికీ అంచు మీద చీపురు పుల్లలూ వైరు ముక్కలూ పోగేసి కట్టిన గూడూ, గూట్లో రెండు పిల్లలూ, వాటి మీద రెక్కలు కాస్త దించుకుని కూర్చున్న తల్లి పావురమూ. ఇలాంటి పని పగవాడికి కూడా పెట్టకు దేవుడా అనుకున్నాడు.

పనిముట్లన్నీ నోరు మూసుకునే ఉన్నాయి. హుక్కుల డబ్బాకి పాత తువ్వాలు చుట్టాడు, కత్తెరని నడుముకి దారంతో కట్టుకున్నాడు, పీట గోడకి తగిలి టకటకలాడకుండా దాని చివరలకి గోనెసంచి ముక్కలు బిగించాడు. దొంగతనానికి వచ్చినవాడు కూడా ఇంత జాగ్రత్తపడడు, సొంత ఇంటి మీదకి దొంగలా వచ్చిన మొగుణ్ని లోకంలో నేనొక్కణ్నే అయ్యుంటాను అనుకుంటే నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. గోడకి కన్నాలు పొడిచే పని మొన్ననే చేసేశాడు, ఆమెని వాళ్లమ్మ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిన పూట. డ్రిల్లింగ్ మిషన్ రొదకి తల్లి పావురం ఎగిరిపోయి ఎదుటి మేడ పిట్టగోడ మీద కూర్చుని మెడ సాగదీసి చూస్తూనే ఉంది, మిషన్ ఆగగానే వచ్చి మళ్లీ పిల్లల మీద కూర్చుంది. సాయంత్రం ఆమె ఇంటికొచ్చి కిటికీ అంచు మీద పడిన సిమెంటు పొడిని చూసింది. అడుగుతుందేమో అని చూస్తూ నిలబడ్డాడు. అడగలేదు. పిల్లల కళ్లల్లో పడకుండా చేయి అడ్డం పెట్టి ఆ పొడిని ఉఫ్ మని ఊదేసి, తల్లికి నాలుగు బియ్యం గింజలు వేసి, పోయి పడుకుంది. అతన్ని ఆమె ఏమీ అడగదు, అడగడం మానేసి చాలా రోజులైంది.

అడగడం అంటే అసలు పిలవాలి కదా, పిలిస్తే కదా అడగడం. పెళ్లైన నాటి నుంచీ వాళ్లిద్దరి మధ్యా పేర్లు లేవు, ఒక్కటే మాట, ఇదిగో. ఆమెకి అతను ఇదిగో, అతనికి ఆమె ఇదిగో. ఆ ఒక్క ముక్కలోనే ఎన్ని మాటలుండేవో. చివర్న కాస్త సాగదీసి ‘ఇదిగోఓ’ అంటే అన్నం చల్లారిపోతోంది రమ్మని, కత్తిరించినట్టు ‘ఇదిగ్’ అంటే తడికాళ్లతో గదంతా తొక్కేశావని, గుసగుసగా రెండుసార్లు అంటే గోడ మీద బల్లి ఉంది తోలమని. అతను పేపరులో మునిగి వినిపించుకోకపోతే ‘ఇదిగో, నిన్నే’ అనేది, ఆ ‘నిన్నే’ పడిందంటే పేపరు ఎగిరి ఎక్కడో పడేది. కడుపుతో ఉన్నప్పుడు పొట్ట మీద చేయి పెట్టుకుని ‘ఇదిగో, ఇదిగో, ఇక్కడ’ అని అతని చేయి లాక్కుని తన చేతి పక్కన పెట్టుకునేది, లోపల్నుంచి ఎవరో తలుపు తట్టినట్టు తగిలేది. ఇక్కడితో ఆపు, అనుకున్నాడు, తాడుని ఇంకో హుక్కులోకి తోశాడు. కానీ అక్కడితో ఆగేదైతే ఇంకేం కావాలి.

ఆస్పత్రిలో, కాన్పయిన మర్నాడు, కళ్లు తెరవగానే ఆమె, ఇదిగో, పాప ఏది? అంది. బాగుంది, అద్దాల పెట్టెలో పెట్టారు, నీరసంగా ఉందట, రెండ్రోజుల్లో తెచ్చి ఇస్తారు. అలా చెప్పమన్నది డాక్టరమ్మ, తలూపింది అత్త, నోరు మాత్రం అతనిది. అప్పటికే పాపని గుడ్డలో చుట్టి అతని చేతుల్లో పెట్టడమూ, చేయాల్సింది చేసి రావడమూ అయిపోయింది, చేతులు కడుక్కుని వచ్చి మంచం పక్కన నిలబడి ఆ మాట చెప్పాడు. ఆ సాయంత్రం ఆమె దిండుకి ఆనుకుని కూర్చుని, పళ్లు బిగబట్టుకుని, చిన్న గిన్నెలోకి పాలు పిండి, అడుగున పలచగా ఉన్న పాలని ఎంతో సంపాదించినట్టు చూసుకుని, రెండు చేతులతో అందించింది. ఇదిగో, తీసుకెళ్లి తాగించమను. తీసుకున్నాడు. వరండా చివర వాష్‌బేసిన్ దగ్గర గిన్నె పట్టుకుని ఎంతసేపు నిలబడ్డాడో తెలీదు, ఎవరో వెనక నుంచి, కాస్త జరుగు బాబూ, చేతులు కడుక్కోవాలి అన్నారు. తర్వాత ఆమెకి ఎలా తెలిసిందో, ఆయా నోరు జారిందో, కడుపుతీపికే తెలిసిపోయిందో. అరవలేదు, కొట్టలేదు, జుట్టు పట్టుకుని లాగినా బాగుండేది. ఆ గిన్నె అందించినప్పటి ఇదిగోయే చివరిది. ఆ తర్వాత అతనికి ఆ ఇంట్లో పిలుపు లేదు.

వల ఒక మూల బరువుగా లాగింది, సర్దాడు. కింద సందులో ఎవరో బండి తోసుకుంటూ పోతున్నారు, గొంతెత్తి అరుస్తాడేమో, ఆమె లేస్తుందేమో. అరవలేదు. బతికిపోయాం. మనసుకి మందిచ్చే డాక్టరు అప్పట్లో అన్నాడు, మాత్రలతో పాటు ఆమెని కాస్త చెట్ల మధ్య కూర్చోబెట్టవయ్యా, గాలీ వెలుతురూ తగలనీ, పిట్టల్ని చూస్తే మనసు కుదుటపడుతుంది అని. ఓస్, ఇంతేనా అనుకుని ప్రతి ఆదివారం పార్కుకి తీసుకెళ్లేవాడు. ఆమె చెప్పులు విప్పకుండా బెంచీ అంచున బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చునేది. అదిగో ఉడత అనేవాడు, అదిగో ఆ పువ్వు ఎంత ఎర్రగా ఉందో అనేవాడు, సర్కసువాడిలా చెట్టు చెట్టూ చూపించేవాడు, ఆమె తన కాళ్లకేసి చూసుకునేది. పైగా ఆ పార్కుకి అందరూ పిల్లలతోనే వస్తారు, ఆ సంగతి తట్టడానికి అతనికి చాలా ఆదివారాలు పట్టింది, తెలివి తెల్లారినట్టే ఉంది. ఒకరోజు పనినుంచి వచ్చేసరికి ఆమె ఈ కిటికీలోనే నిలబడి, రెండు చేతులూ చట్రానికి ఆన్చి, కింద సందులోకి చూస్తోంది. ఊరికే చూస్తోంది, అంతే, కానీ అది ఊరికే చూసే చూపు కాదని అతనికి అర్థమైంది. ఏమీ అనకుండా దగ్గరికి వెళ్లి, నెమ్మదిగా చేయి పట్టుకుని మంచం దగ్గరికి తీసుకొచ్చి, అప్పటికప్పుడు కిటికీ రెక్కలకి స్క్రూలు బిగించేశాడు. డాక్టరుకి ఫోను చేశాడు, అత్తని రమ్మన్నాడు, రాత్రంతా గుమ్మంలో చాప వేసుకుని పడుకున్నాడు. ఊరందరి కిటికీలకీ కాపలా కట్టినవాడికి సొంత కిటికీ గుర్తుకు రాలేదు.

పావురం ఎప్పుడొచ్చిందో తెలీదు. మూసిన అద్దం మీద టక్కుటక్కుమని ముక్కుతో పొడుస్తుంటే ఆమె తల తిప్పింది. అద్దానికి అటు అది, ఇటు ఈమె. మూడోరోజో నాలుగోరోజో, అతను కాళ్లు కడుక్కుంటుంటే, వెనక నుంచి మాట వినిపించింది. తెరువు. గొంతు తుప్పు పట్టినట్టుంది, ఎవరో పరాయి ఆడమనిషి వచ్చిందేమో అనుకున్నాడు. తెరువు, అంది మళ్లీ, కిటికీ చూపిస్తూ. తెరవాలా వద్దా. తెరిస్తే ఏమవుతుందో అని భయం, తెరవకపోతే ఈ ఒక్క మాటా పోతుందేమో అని ఇంకా భయం. అత్త వైపు చూస్తే ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని తీయమని తలూపింది. ఒక్కో స్క్రూ తీసి జేబులో వేసుకున్నాడు. ఇక ఆ రోజు నుంచి చూడాలి. గింజలు వెయ్యడానికి పొద్దున్నే లేవడం, లేచింది కాబట్టి మొహం కడుక్కోవడం, మొహం కడుక్కుంది కాబట్టి తల దువ్వుకోవడం, ఒకదాని వెనక ఒకటి, తాళం పోయిన ఇంట్లో ఒక్కో గదీ తెరుచుకుంటున్నట్టు. డాక్టరు మాత్రలు తగ్గించాడు. అత్త తన ఇంటికి పోయింది, వారానికోసారి వస్తోంది. పిట్ట చేసిన పని. పార్కంత పార్కు చెయ్యలేనిది, డబ్బు కూడబెట్టి డాక్టర్ల చుట్టూ తిప్పినా కానిది, గుప్పెడు బూడిదరంగు ఈకలు చేశాయి. ఎవరికైనా చెబితే నవ్విపోతారు, అందులోనూ ఇతను చెబితే.

ఎందుకంటే పావురం పేరు చెబితే మండిపడేవాడు ఇతను. అద్దె కట్టకుండా ఉండేవాళ్లు, పైగా ఇల్లంతా పాడు చేసేవాళ్లు అని కస్టమర్లకి జోకు చెప్పి వలలు అమ్మేవాడు. రెట్టలు గోకి గోకి గోళ్లల్లో ఆ వాసన పోయేది కాదు. అలాంటివాడు బాత్రూములో తల మీద సబ్బు నురగతో ఉండగా ‘ఇదిగో!’ అని వినిపించింది, స్పష్టంగా, పాతరోజుల్లోలా, చివర్న కాస్త సాగదీసి. కళ్లల్లో సబ్బు, నడుముకి తువ్వాలు, తడి నేల మీద జారి మోకాలు కొట్టుకుని, ఏంటి, ఏంటే, ఇదిగో వచ్చా, అంటూ పరుగెత్తాడు. ఆమె కిటికీ దగ్గర గింజలు పట్టుకుని నిలబడి, వెనక్కి తిరిగి చూసి, ‘నిన్ను కాదు’ అంది. కోపంగా కూడా కాదు, దారి తప్పి వచ్చిన వాడికి పక్కిల్లు చూపించినట్టు. మోకాలు నొప్పి అప్పుడు తెలిసింది. తన పేరు తీసుకెళ్లి పావురానికి పెట్టింది. ఆ తర్వాత కూడా ఎన్నిసార్లు మోసపోయాడో, బుద్ధుంటేగా. చెవులు అలవాటుపడ్డ కుక్కల్లాంటివి, ఇదిగో అంటే చాలు లేచి నిలబడేవి, ఏంటి అనేవాడు, నిన్ను కాదు అనేది. కొన్నాళ్లకి అందులోనూ ఒక సుఖం కనిపెట్టాడు. ఆమె పావురంతో అన్నీ చెప్పేది. ఇదిగో, ఉప్పు అయిపోయిందే, ఎవరు తెస్తారు మనకి. సాయంత్రం ఉప్పు ప్యాకెట్ వచ్చేది. ఇదిగో, ఫ్యాను కీచుమంటోంది, నీకూ నిద్ర పట్టట్లేదా. మర్నాటికి ఫ్యానుకి నూనె పడేది. మధ్యలో పావురాన్ని పెట్టుకుని కాపురం నడుస్తోంది, నడవనీ అనుకున్నాడు. మంచం మీద అటు తిరిగి పడుకుని, పావురం పిల్లల నోళ్లు తన నోట్లో పెట్టుకుని గొంతులోంచి పాలలాంటిది కక్కి ఎలా తాగిస్తోందో ఆమె దానికే వర్ణించి చెబుతుంటే వినేవాడు. ఎన్ని పాలున్నాయే నీకు, అనేది, ఎన్ని ఉన్నాయే తల్లీ, అనేది. దిండు తడిసిపోయేది, కానీ ఆమె గొంతు ఇంట్లో వినపడుతోంది, అది చాలు.

ఆ చాలు అనుకున్న రోజుల్లోనే పక్క వాటా పిల్ల దగ్గు మొదలైంది. గోడ ఒక్కటే, పలచటి గోడ. ముందు పొడిదగ్గే, తర్వాత తర్వాత దగ్గు అయ్యాక ఊపిరి లోపలికి లాక్కునే చప్పుడు, గొట్టంలో నీళ్లు పట్టేసినట్టు. ఒకరోజు మెట్ల దగ్గర ఆ పిల్ల తల్లి ఎదురొచ్చింది. వలన్నయ్యా, అంది, మా డాక్టరు అడిగాడన్నయ్యా, మీ ఇంటి దగ్గర పావురాలున్నాయా అని. ఉన్నాయన్నాను. ఆ రెట్ట దుమ్ము దీని ఊపిరితిత్తులకి పడటం లేదట, అవి అక్కడున్నంత కాలం మందు వెయ్యడం, మళ్లీ రావడం, ఇంతేనన్నాడు. మీ ఆవిడ సంగతి నాకు తెలియనిది కాదు, నోరు రావట్లేదు అడగడానికి. ఇల్లు మారదామంటే అడ్వాన్సు ఎక్కడ తెస్తాం. అని రెండు చేతులూ జోడించింది. ఆ చేతులు చూసి ఏం చెబుతాడు. నా పెళ్లాం నవ్వాలి, నీ పిల్ల దగ్గనీ అంటాడా. అద్దాల పెట్టె చూసినవాడు, అద్దాల పెట్టెలో ఎవరూ లేకపోవడం చూసినవాడు, ఆ మాట ఎలా అంటాడు. మేడ సెక్రటరీ వెనక గోడ మొత్తం కట్టించేద్దాం అన్నాడు, నువ్వు కట్టకపోతే ఇంకొకణ్ని పిలుస్తా అన్నాడు. ఇంకొకడు వస్తే ఏం చేస్తాడో ఇతనికి తెలుసు, గూడుని చీపురుతో ఒక్క తోపు తోసేస్తాడు, కింద సందులో పడ్డదాన్ని పిల్లి చూసుకుంటుంది. వద్దు, నేనే కడతా. అలా అన్నాడు. ఆమెకి మాత్రం చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఇవాళ్టికి వచ్చి పీట మీద వేలాడుతున్నాడు.

పక్క కిటికీ ముందే కట్టేశాడు, చేతులు వాటంతట అవే అటు వెళ్లాయి. కడుతుంటే లోపల్నుంచి పిల్ల చూసింది, ముక్కుకి మందు ఆవిరి మాస్కు ఉంది, మాస్కులోంచే అడిగింది, వలమామా, పావురం పిల్లలకి కళ్లు వచ్చాయా అని. వచ్చాయమ్మా అన్నాడు. నన్ను చూడనివ్వరు, నువ్వు చూసి చెప్పు, ఏం రంగు అంది. నల్లగా, మెరుస్తున్నాయి అన్నాడు. మామా, వల కట్టేశాక అవి ఎలా వస్తాయి? దానికి జవాబు చెప్పేలోపు దగ్గు తెర వచ్చింది, ఒళ్లంతా ఊగిపోయేంత దగ్గు, తల్లి పరుగెత్తుకొచ్చి వీపు రాస్తూ కిటికీ మూసేసింది. ఇంకా బాగుంది, ఆ పిల్లకి కూడా అవే కావాలి. ఎవరికీ అక్కర్లేని పని చేస్తున్నావురా, అందరికీ అవసరమైన పని చేస్తున్నావురా, అని తిట్టుకున్నాడు. ముడి వేసిన దారం పళ్లతో కొరికి, పీటని కాస్త కాస్తగా ఇటు జరుపుకున్నాడు.

ఇక మిగిలింది తన కిటికీయే. పైనా, కిందా, ఆ పక్కా కట్టేశాడు, ఈ పక్క కింది మూల ఒక్కటి మిగిలింది, గూటిని బయటికి తీసేంత సందు. తల్లి పావురం అతన్ని ఒక కంటితో చూస్తోంది, తర్వాత తల తిప్పి రెండో కంటితో చూస్తోంది, ఒక కన్ను చెప్పింది ఇంకో కన్ను నమ్మనట్టు. ఇన్నాళ్లలో దీన్ని ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. మెడ దగ్గర ఆకుపచ్చ, కాస్త వంగితే ఊదా, దాని మొహానికి ఈ రంగులు ఎవరిచ్చారో. పిల్లలు మాత్రం అనాకారి పిల్లలు, పసుపుపచ్చటి నూగు, మొహం కంటే పెద్ద ముక్కు, కాకి పిల్ల నయం. వాటిని తీసి పైన డాబా మీద నీళ్లట్యాంకు వెనక పెడదామని ముందే అనుకున్నాడు, నీడ ఉంటుంది, పిల్లి ఎక్కలేదు. తల్లి వస్తుందా? చోటు మారిన గూటికి తల్లి పావురం రావడం ఎప్పుడూ చూడలేదు. తన పిల్లలే రెండు గజాల అవతల అరుస్తున్నా పాత చోటికే వచ్చి వచ్చి చూసి పోతుంది. ఈసారి వస్తుందేమో. ఎందుకు రాకూడదు, వస్తుంది. ఆమె లేస్తే ఏం చెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాడు, అవే ఎగిరిపోయాయి, రెక్కలొచ్చాయిగా, అని. ఈ మొహాలకి రెక్కలొచ్చాయని ఎవరు నమ్ముతారు. అయినా అదే చెబుతాడు, ఇంకేం చెబుతాడు.   చివరి మూల దారం తీసి వేలికి చుట్టుకున్నాడు, మేస్త్రి నేర్పినట్టే.

పని నేర్పిన మేస్త్రి ఒక్కటే చెప్పాడు, రోజూ చెప్పాడు. ఒరేయ్, ఆఖరి మూల కట్టేముందు గట్టిగా చప్పట్లు కొట్టు, లోపల ఏదైనా ఉంటే లేచిపోతుంది, కొట్టకుండా కట్టావా, లోపలే ఉండిపోయి చచ్చి వాసనొస్తుంది, ఆ పాపం నీదే. మొదట్లో మర్చిపోతే మేస్త్రి నెత్తిన మొట్టేవాడు. ఇన్నేళ్లలో ఆ చప్పట్లు ముడిలో భాగమైపోయాయి, దారం వేలికి చుట్టుకోగానే చేతులు రెండూ వాటంతట అవే కలుస్తాయి, బుర్రని అడగవు. ఇవాళ కూడా అడగలేదు. తువ్వాలు చుట్టినా, గోనెసంచి కట్టినా, ఊపిరి బిగబట్టినా, అన్నీ చేసి, ఆఖరికి, ఠపా ఠపా ఠపా అని సందు మొత్తం మారుమోగేలా మూడు చప్పట్లు కొట్టేశాడు. కొట్టాక తన చేతుల్ని తనే చూసుకున్నాడు. ఓరి దేవుడా. తల్లి పావురం దడుచుకుని లేచి, ఆ మిగిలిన సందులోంచి రెక్కతో అతని చెంప మీద కొట్టి బయటపడింది. పిల్లలు లేవలేదు, ఎలా లేస్తాయి.

‘ఇదిగో?’

లోపల్నుంచి, నిద్రమత్తు గొంతు. కదల్లేదు అతను. నన్ను కాదు, పావురాన్ని, రెక్కల చప్పుడు విని పావురాన్ని పిలుస్తోంది. మామూలుగా అయితే ఈపాటికి అది గొంతులో గుర్రుమని బదులిచ్చేది. ఇప్పుడు ఎవరూ బదులివ్వలేదు. ‘ఇదిగో?’ మంచం కిర్రుమంది. చెప్పులు లేని అడుగులు. డబ్బాలో బియ్యం గింజల చప్పుడు. వెళ్లిపోదామా, తాడు వదిలి జర్రున కిందికి దిగిపోదామా అనుకున్నాడు, దిగలేదు. కిటికీలోకి ఆమె వచ్చింది, దిండు చార చెంప మీద, గుప్పిట్లో గింజలు. ముందు వల చూసింది. వల కన్నుల మీదుగా పైకి చూసింది, కిందికి చూసింది. గూడు చూసింది. అతని చెవి పక్కన వల మీద పడి కొట్టుకుంటున్న తల్లిని చూసింది. అన్నీ అయ్యాక అతన్ని చూసింది. ఎంతో కాలంగా తన మొహంలోకి సూటిగా చూడని మనిషి ఇప్పుడు చూస్తుంటే మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు, గాల్లో వేలాడే వాడికి దాచుకోవడానికి ఏముంటుంది. ఊరికే కొలతలు తీస్తున్నా, రేపు తీసేస్తా, అవే ఎగిరిపోయాయి, అబద్ధాలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ నాలిక చివరికి వచ్చాయి. పక్క వాటాలో పిల్ల దగ్గింది. ఆగకుండా దగ్గింది. ఆమె అటు తల తిప్పి, ఆ దగ్గు అయిపోయేదాకా, చివర్న ఊపిరి లోపలికి లాగిన చప్పుడు దాకా, పూర్తిగా విన్నది.

గింజలు అంచు మీద పోసింది. వంగి రెండు చేతులూ గూటి కింద పెట్టి, పుల్లలు జారకుండా, పిల్లలు వణక్కుండా ఎత్తి, మిగిలిన ఆ సందులోంచి బయటికి చాపింది.

‘ఇదిగో.’

అతను చెయ్యి చాపలేదు. మోసపోయి మోసపోయి ఉన్నాడు. తల్లి పావురంతో అంటోంది, దానికి చూపిస్తోంది. తన వెనకే ఎక్కడో రెక్కలు కొట్టుకుంటున్నాయి, దానితోనే.

‘ఇదిగో, నిన్నే.’

తీసుకున్నాడు. గూడు వెచ్చగా ఉంది, ఏమంత బరువు లేదు. పాల గిన్నె కూడా ఇంతే బరువుంది, ఇలాగే రెండు చేతులతో ఇచ్చింది, ఇలాగే తీసుకున్నాడు. ఒళ్లో పెట్టుకుని మోకాళ్లు దగ్గర చేసుకున్నాడు.

‘ఎక్కడ పెడతావు?’ అంది.

‘పైన. ట్యాంకు వెనకాల. నీడగా ఉంటుంది.’

‘తల్లి వస్తుందా?’

వస్తుంది, ఎందుకు రాదు, బాగుంటాయి, అంతా బాగుంటుంది. మాట పెదాల దాకా వచ్చేసింది, అలవాటైన మాట. ఆమె అతని పెదాల కేసే చూస్తోంది, ఊపిరి కూడా తీసుకోకుండా చూస్తోంది. అతనికి ఆస్పత్రి మంచమూ, అత్త తలూపడమూ, వాష్‌బేసిన్‌లో తెల్లగా జారిపోయిందీ, అన్నీ ఒక్కసారే కనిపించాయి.

‘రాదు,’ అన్నాడు.  ‘చోటు మారిస్తే రాదు. నేనెప్పుడూ చూడలేదు. పైన పెట్టి నేనే ఏదో ఒకటి తినిపించి చూస్తా. బతుకుతాయో లేదో నాకు తెలీదే.’

ఆమె మొహం ముందు బిగుసుకుంది, తర్వాత మెల్లగా కదిలింది, పెదవి, గడ్డం, మెడ. ఏడుపు చప్పుడుతో వచ్చింది, పాప పోయాక మొట్టమొదటిసారి చప్పుడుతో. ‘ఆ రోజు కూడా ఇలాగే చెప్పొచ్చుగా,’ అంది. ‘నీకు నోరు లేదా. నాకు చెప్పొచ్చుగా.’ అతను తలూపాడు, అవునని ఊపాడో కాదని ఊపాడో, కన్నీళ్లు గూట్లో పడుతున్నాయని చూసుకుని మొహం పక్కకి తిప్పుకున్నాడు. కాసేపటికి ఆమె ముక్కు చీది, ‘ఆ పిల్ల దగ్గు నాకు వినపడదనుకున్నావా?’ అంది. ‘రోజూ వింటున్నా. విని కూడా గింజలు వేస్తున్నా. నాకేమైనా బుద్ధి లేకనా, ఇవి లేకపోతే నేనేమైపోతానో అని. కట్టెయ్ ఇక.’

‘కడతా.’

‘కట్టేసి లోపలికి రా. తొందరగా రా. నాకు భయంగా ఉంది.’ మాట మాటకీ మధ్య వెక్కు వస్తోంది. ‘ఇవి పోయాక రేపు పొద్దున్న ఎందుకు లేవాలో తెలీట్లేదు నాకు. నువ్వు రా.’

‘ఇదిగో, వస్తున్నా,’ అన్నాడు. ‘ఇదిగో, వచ్చేస్తున్నా.’

కిటికీ అంచు మీదకి వచ్చి వాలబోయిన తల్లి పావురం వలకి కొట్టుకుని మళ్లీ లేచింది. గూడు కదలకుండా ఒక చేత్తో అదిమి పట్టి, రెండో చేత్తో ఆఖరి మూలని హుక్కు దాకా లాగాడు. ఇక ఒక్క ముడి. ఆమె వేళ్లు వల కన్నుల్లోంచి బయటికి వచ్చి, సరిగ్గా ముడి పడాల్సిన చోట తాడుని పట్టుకుని ఉన్నాయి. ముడి వెయ్యాలంటే ఆ వేళ్లు తియ్యాలి. తియ్యమని అతను చెప్పలేకపోయాడు.